అంచు కుట్టని బ్యానర్

ఆలస్యాన్ని మించిన పర్యావరణ సేవ ఈ భూమ్మీద లేదు. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. నవ్వకండి!

లోకం వేడెక్కిపోతోంది, వెంటనే ఏదో ఒకటి చెయ్యాలి అని గగ్గోలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు జాలి. వెంటనే చేసేస్తే వచ్చే ఏడాది సదస్సుకి ఏం మిగులుతుంది? అన్ని దేశాల ప్రతినిధులూ మళ్ళీ ఎక్కడ కలుసుకుంటారు? మెడలో వేలాడే ఆ బ్యాడ్జీలు, ఆ ఫైళ్ళ సంచులు, ఆ మినరల్ వాటర్ సీసాలు ఏమైపోవాలి?

ఊరికే అనడం లేదు. నేను ఏటా మా ఊళ్ళోనే నెలల తరబడి సాగే అంతర్జాతీయ వాతావరణ సదస్సులో ముసాయిదాలు రాసే ఉద్యోగిని. ఏ ఒక్క దేశానికి ఒక మాట నచ్చకపోయినా దాన్ని బ్రాకెట్‌లో పెట్టడం నా పని. అందరూ ఒప్పుకుంటేనే బ్రాకెట్ ఊడుతుంది. ఈసారి తీర్మానం డీజిల్ మీద. లోకానికి ఆదర్శంగా ఉండాలని మా హాలు వెనకున్న జనరేటర్‌తోనే మొదలుపెట్టాం. 'ఆపాలి' అని రాశాను. బ్రాకెట్! 'తగ్గించాలి' అన్నాను. అదీ బ్రాకెట్! 'తగ్గించే దిశగా, ఎవరి వీలును బట్టి వారు, ఆలోచించడాన్ని స్వాగతించాలి' అనేసరికి అందరి మొహాలూ వెలిగిపోయాయి. చిన్న ద్వీపం నుంచి వచ్చిన ప్రతినిధి మాత్రం, మీరు ఆలోచించేలోపు మా ఇల్లు సముద్రంలో ఉంటుందేమో అని గొణిగాడు. 'సముద్రం' అన్న మాటని కూడా బ్రాకెట్‌లో పెట్టాం.

అసలు జనరేటర్ ఎందుకంటారా? భూమి వేడి గురించి మాట్లాడాలంటే మర్యాదగా కోటు వేసుకోవాలి. కోటు వేసుకోవాలంటే గది మంచులా ఉండాలి. గది మంచులా ఉండాలంటే ఏసీలన్నీ ఒకేసారి తిరగాలి. అన్ని ఏసీలకి మామూలు కరెంటు చాలదు. ఈ తర్కంలో ఎక్కడైనా చిల్లు ఉందా? హాలు కప్పు మీద సోలార్ పలకలు కూడా ఉన్నాయి. బిగించి చాలాకాలమైంది. తీగ కలపడమే తరువాయి. దానికి ఏకాభిప్రాయం రావాలి. ఈలోగా వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నాం.

ఇంత చక్కటి ఏర్పాటుకి ఒకే ఒక్క అడ్డంకి. మా చిన్నక్క.

చిన్నక్కకి హాలు వెనక కుట్టుపని దుకాణం ఉంది. జనరేటర్ పొగగొట్టం సరిగ్గా ఆ కిటికీలోకే మూతి పెట్టి ఉంటుంది. ఆవిడ కుట్టేవి ఆసుపత్రి కోట్లు, తెల్లవి. పొద్దున మల్లెపువ్వులా ఉన్న కోటు సాయంత్రానికి మసిగుడ్డ. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దగ్గు. ఆసుపత్రులు ఒక్కొక్కటే కోట్లు తిప్పి పంపడం మొదలుపెట్టాయి. ఆ గదిలో ఇంకొన్నాళ్ళు కూర్చుంటే ఊపిరితిత్తుల మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. దుకాణం ఎత్తేయాలా, ఊపిరి పోగొట్టుకోవాలా? చిన్నక్క పరిస్థితి అక్కడిదాకా వచ్చింది.

ఓపిక పట్టమన్నాను. ఊపిరి పీల్చడం కూడా బ్రాకెట్‌లో పెట్టమంటావట్రా అని దగ్గుతూనే దులిపేసింది. ఆవిడ పరిస్థితిని సదస్సు తీవ్ర ఆందోళనతో గమనించిందని తెలియజేశాను. గమనించడం ఎంత గొప్ప సంగతో ఆవిడకి బోధపడలేదు, పాపం!

ఇంతలో ముగింపు సభ ముంచుకొచ్చింది. వేదిక వెనక కట్టడానికి పొడవాటి తెల్లగుడ్డ బ్యానర్ కావాలి. దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో 'పొగ లేని రేపు' అని కుట్టాలి. ఫ్లెక్సీ కడితే ప్లాస్టిక్ అని పత్రికలు దెప్పుతాయి. అంత పెద్ద గుడ్డ పరచగల బల్ల చుట్టుపక్కల చిన్నక్క దగ్గరే ఉంది. ఆ పని ఆవిడకే ఇప్పించాను.

కుట్టి తెచ్చింది. సదస్సు అధ్యక్షుడు విప్పి చూసి కొయ్యబారిపోయాడు. గుడ్డంతా బూడిద రంగు! మళ్ళీ కుట్టమన్నారు. మళ్ళీ బూడిదే. ఉతికించారు. ఆరేలోపు కొత్త చారికలు. కెమెరాలు వచ్చేస్తున్నాయి. ఆ చలిలోనూ అధ్యక్షుడికి చెమటలు పట్టాయి. చివరికి ఆయనే దుకాణం గడప ఎక్కాడు.

“తెల్లగా కావాలంటే ఆ జనరేటర్ ఆపించండి సార్,” అంది చిన్నక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ. “నేను కుట్టినన్నాళ్ళూ ఆగాలి. అంతే.”

ఆ తర్వాత జరిగింది చరిత్ర! బ్రాకెట్ లేదు. చర్చ లేదు. భోజనాల లోపే జనరేటర్ నోరు మూసింది. హాలు ఉడికిపోకూడదని ఎలక్ట్రీషియన్ని కప్పు మీదికి తరిమారు. ఏళ్ళ తరబడి ఏకాభిప్రాయం కోసం పడిగాపులు పడ్డ ఆ తీగని ఆయన కలిపి, దిగివచ్చేసరికి కింద పెట్టిన టీ ఇంకా వేడిగానే ఉంది. ఏసీలు సగమే తిరిగాయి. దేశాలన్నీ ఒక్కసారిగా కోట్లు విప్పాయి. ద్వీపం ప్రతినిధి ఎలక్ట్రీషియన్ని కావలించుకున్నాడు.

చిన్నక్క కిటికీ బార్లా తెరుచుకుని కుట్టింది. గుడ్డ పాలనురగలా ఉంది. అక్షరాలు అయిపోయాయి. అంచు మడిచి కుట్టడమే మిగిలింది.

అక్కడ ఆగింది.

ముగింపు సభ నాడు అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చాడు. చిన్నక్క ఆయనకి కుర్చీ వేసి, ఎంతో మర్యాదగా చెప్పింది.

“సూత్రప్రాయంగా ఇచ్చేసినట్టేనండి. అంచు విషయంలో ఇంకా చర్చలు నడుస్తున్నాయి. మీ తొందరని మాత్రం తీవ్ర ఆందోళనతో గమనించాను.”

బ్యానర్ లేకుండా గ్రూపు ఫోటో ఎలా? సభ వాయిదా వేశారు. వాయిదాలు మాకు కొత్తా?

నేను వెళ్ళి బతిమాలాను. నిజం చెప్పక్కా, ఎప్పుడిస్తావు, నా ఉద్యోగం ఊడేలా ఉంది అన్నాను.

“ఆ జనరేటర్‌ని లారీ ఎక్కించి పంపండ్రా. అది వీధి మలుపు తిరిగేలోపు అంచు కుట్టి నీ చేతిలో పెడతాను. అప్పటిదాకా నన్ను కదిలించకు, ఆసుపత్రి కోట్లు బోలెడున్నాయి.”

అంత పొడుగు మాటలో ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు. అది గమనించాను. ఉత్త గమనించడమే, తీవ్ర ఆందోళన లేకుండా.

చూశారా పాఠకులారా, ఆలస్యం వరమని మొదటే చెప్పానా లేదా? ఇన్నాళ్ళూ అది కోటు వేసుకునేవాళ్ళ చేతిలో ఉండేది. ఇప్పుడు కోటు కుట్టేవాళ్ళ చేతికి వచ్చింది, అంతే తేడా!

ఒక్క సందేహం మాత్రం నన్ను పీకుతోంది. గుడ్డ నల్లబడుతోందంటే భోజనాల లోపే ఆగిన యంత్రం, మనిషి ఊపిరితిత్తులు నల్లబడుతున్నాయంటే ఇన్నేళ్ళూ ఎందుకు ఆగలేదు?

జవాబు చాలా తేలిక. ఊపిరితిత్తులు ఫోటోలో పడవు కదండీ!