దిండు తల దగ్గర దీపం

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ మధ్యలో ఆపకుండా వినండి. మా ఇంటి హాల్లో నా శవాన్ని నేనే పడుకోబెట్టిన సంగతి ఇది.

ముందు ఆట గురించి చెప్పాలి. మా కాలేజీ లెక్చరర్లం కొందరం ఆదివారాలు ఒక బల్ల చుట్టూ చేరి కథల ఆట ఆడతాం. పేకాట కాదు, మందు కాదు, అందుకే మా ఆవిడ పద్మశ్రీకి దాని మీద అనుమానం ఎక్కువ. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. ‘పాడుబడ్డ ఇల్లు, తలుపు దానంతటదే తెరుచుకుంది, ఏం చేస్తావు’ అని వాడు అడుగుతాడు. ‘లోపలికి వెళ్తాను’ అని వీడంటాడు. పాచికలు వేస్తారు. తక్కువ పడితే మనిషి భయంతో బిగుసుకుపోయినట్టు లెక్క.

పోయినసారి నేను నడిపిన ఆటలో ఎవడూ బిగుసుకుపోలేదు. ఫిజిక్సు చెప్పే మణికుమార్ ఉన్నాడు, మేం ఇకిలింపు మణికుమార్ అంటాం. నా దయ్యం గొంతు విని ఒకటే నవ్వు. “జానకిరామ్ గారూ, మీ దయ్యానికి జలుబు చేసిందా?” అన్నాడు. ఈసారి కూడా భయపెట్టలేకపోతే కథ నడిపే కుర్చీ తనకిచ్చేయాలన్నాడు.

అది బయటి పోరు. ఇంటి పోరు వేరే ఉంది. నెల రోజులుగా మెట్లెక్కితే నాకు గుండె దగ్గర పట్టేసినట్టు ఉంటోంది. డాక్టరు టెస్టు రాశాడు. పద్మశ్రీ రోజూ గుర్తుచేస్తుంది, నేను రోజూ వాయిదా వేస్తాను. చేయించుకుంటే ఏదో ఒకటి ఉందని తేలుతుంది, చేయించుకోకపోతే తేలదు కదా. ఇంత చక్కటి తర్కం ఆవిడకి ఎక్కదు. లెక్కల టీచరు మరి.

ఆ ఆదివారం పొద్దున్న ఇడ్లీ ప్లేటు నా ముందు పెట్టి, “ఇవాళైనా వెళ్దామా?” అంది.

“ఇవాళ ఆట ఉంది పద్మా.”

“మీ దయ్యాలు ఎక్కడికీ పోవు. ఆదివారం కూడా టెస్టులు చేస్తున్నారట.”

అప్పుడు తట్టింది నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన. “పందెం వేద్దాం. ఇవాళ నా ఏర్పాట్లు చూసి నువ్వు భయపడితే ఇక ఆ టెస్టు మాట ఎత్తకూడదు. భయపడకపోతే రేపే వెళ్దాం.”

“నేను భయపడ్డానో లేదో ఎవరు తేలుస్తారు?”

“నువ్వే చెప్పు. నువ్వు అబద్ధం ఆడవుగా.”

“ఆడను,” అంది. అన్నప్పుడు నవ్వలేదు. నేనది అప్పుడే గమనించాల్సింది.

ఇంట్లో బొద్దింక కనబడితే నేను మంచమెక్కుతాను, ఆవిడ చీపురు తెస్తుంది. అలాంటి మనిషిని భయపెడితే మణికుమార్ ఒక లెక్కా అనుకున్నాను. కథ కూడా గట్టిదే ఎంచుకున్నాను. ధనిష్ఠ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు పాడుపెట్టాలని మనవైపు అంటారు కదా. తాళం వేసి అందరూ వెళ్ళిపోతారు, నెలల తరబడి ఎవరూ అడుగు పెట్టరు. నా దయ్యం అలాంటి ఇంట్లో ఉంటుంది.

కథలో తప్పు దొర్లకూడదని మా పురోహితులు రామ్మూర్తి గారిని అడగబోయాను. నా ఫోనులో తలుపు కిర్రుమనే చప్పుడు రికార్డవుతోంది, అందుకని పద్మశ్రీ ఫోను తీసుకున్నాను. తెల్లవారినప్పటి నుంచీ దయ్యం గొంతు సాధన చేసి నా గొంతు బొంగురుపోయి ఉంది. అంత పెద్దాయనకి దయ్యాల ఆట అని చెప్పడానికి సిగ్గేసింది. పేరు కూడా చెప్పకుండా ముక్తసరిగా అడిగాను.

“ధనిష్ఠలో ఇంటి పెద్ద పోతే ఎన్నాళ్ళు మూయాలండీ?”

అవతల పంచాంగం తిరగేసిన చప్పుడైంది. “ఆరు నెలలు బాబూ. ఇవాళ ధనిష్ఠే. ఎంత పని జరిగింది,” అన్నారు.

పెద్దాయన మంచి సహకారం ఇచ్చారనుకుని పెట్టేశాను.

తర్వాత హాల్లో సోఫా జరిపి, చాప పరిచి, దాని మీద పొడుగు దిండు, రెండు దుప్పటి చుట్టలు వరసగా పేర్చాను. పైన నా తెల్ల పంచె కప్పాను. తల దక్షిణం వైపు పెట్టి, తల దగ్గర దీపం వెలిగించి, అగరొత్తులు గుచ్చాను. దూరం నుంచి చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. పద్మశ్రీ వంటింట్లో ఉంది. ఆవిడ వచ్చి చూసేలోగా లోపలి గది కిటికీలకి నల్ల కాగితం అంటిద్దామని వెళ్ళాను.

స్టూలు మీద ఉండగా వీధి తలుపు దగ్గర అలికిడైంది. దిగి తలుపు సందులోంచి చూశాను. కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు హనుమయ్య గారు. ఆయనకీ పురోహితులు రామ్మూర్తి గారే. పద్మశ్రీ నంబరు నుంచి ఎవరో బొంగురు గొంతుతో అడిగేసరికి పోయింది నేనేననుకుని పురోహితులే కబురు పెట్టినట్టుంది. ఆయన వెనక మా పనిమనిషి ఆదెమ్మ. హనుమయ్య గారు దిండుని చూశారు, దీపాన్ని చూశారు, భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను వెంటనే బయటికి రావాల్సింది. రాలేదు. పైగా లోపల పొంగిపోయాను. ఇంత ఏడుపు చూశాక పద్మ భయపడి తీరుతుంది, పందెం నాదే అనుకున్నాను.

పద్మశ్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దిండు వంక చూసింది. నేనున్న తలుపు వంక చూసింది. సందులో నా కన్ను కనబడే ఉంటుంది.

“ఎట్లా జరిగిందమ్మా?” అన్నారు హనుమయ్య గారు.

“నెల నుంచీ గుండెల్లో నొప్పి అంటున్నారండీ.”

“డాక్టరుకి చూపించలేదా?”

“చూపించాం. టెస్టు రాశారు.”

“టెస్టులో ఏమొచ్చింది?”

“చేయించుకుంటేగా బాబాయిగారూ. ఒక ఆదివారం కాలేజీలో పని అన్నారు. ఒక ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో ఎవరిదో పెళ్ళన్నారు. ఇవాళ దయ్యాల ఆటన్నారు.”

ఆదెమ్మ గుమ్మంలో కూలబడింది. “అయ్యగారు కాఫీ తాగిన గ్లాసు నిన్న నేనే కడిగానమ్మా,” అంటూ కళ్ళొత్తుకుంది. పంచదార ఎక్కువేసుకుంటానని రోజూ సణిగే మనిషి ఆవిడ.

హనుమయ్య గారు గొంతు సవరించుకున్నారు. “అడగాల్సిన సమయం కాదు. కానీ ధనిష్ఠ తల్లీ. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. ఒకే కప్పు కాబట్టి మేమూ కింద ఖాళీ చెయ్యాలి. మేం గన్నవరంలో మా తమ్ముడింటికి పోతాం. నువ్వెక్కడికి పోతావమ్మా?”

“అదే తెలియడం లేదండీ,” అంది పద్మశ్రీ. చాప పక్కన కూర్చుని కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. “మా పిల్ల చిన్ని హాస్టల్లో ఉంది. దానికి ఫోను చేసి ఏమని చెప్పాలా అని నెల నుంచీ ఆలోచిస్తున్నాను. రాత్రిళ్ళు ఆయన ఊపిరి వినబడుతోందా లేదా అని లేచి చూస్తున్నాను. ఆ సంగతి ఆయనకి తెలియదు.”

అది నటన కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ అలా ఏడవడం నేను చూడలేదు. నా పంచె కప్పుకున్న దిండు పక్కన కూర్చుని ఏడుస్తోంది. దిండు చలించలేదు. నెల నుంచీ నేనూ అలాగే ఉన్నానని అప్పుడు తెలిసింది. గుండె దగ్గర మళ్ళీ పట్టేసింది, ఈసారి చచ్చేంత భయమేసింది.

సరిగ్గా అప్పుడే ఆటకని మణికుమార్ వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయి, “జానకిరామ్ గారూ,” అని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. నేను తలుపు తీసుకుని, చేతులనిండా జిగురుతో, “ఏడవకండి,” అన్నాను, ఆ బొంగురు గొంతుతోనే. మణికుమార్ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. పాచికల అవసరమే లేకపోయింది.

హనుమయ్య గారు తేరుకోవడానికి రెండు గ్లాసుల మజ్జిగ పట్టింది. “ముందా దీపం ఆర్పండి. బతికున్న మనిషికి ఇదేం ఆట,” అని విసురుగా మెట్లు దిగిపోయారు. ఆదెమ్మ నన్ను తాకి చూసి, గిన్నెలు తోమడానికి వెళ్ళింది. మణికుమార్ మంచినీళ్ళు తాగి, కుర్చీ మాత్రం తనకే కావాలన్నాడు. తీసుకోమన్నాను. ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది.

అందరూ వెళ్ళాక పద్మశ్రీ పంచె మడతపెడుతూ అంది. “పందెం మీరే గెలిచారు.”

“అంటే?”

“భయపడ్డాను. నెల నుంచీ భయపడుతూనే ఉన్నాను. ఇక టెస్టు మాట ఎత్తను.”

“పద్మా, అది కాదు. రేపు వాళ్ళు ఎన్నింటికి తీస్తారో కనుక్కో.”

“ఏ వాళ్ళు?”

“అదే, ఆసుపత్రి వాళ్ళు. టెస్టుకి.”

“ఆ మాట ఎత్తనని ఇప్పుడే చెప్పాను కదండీ. నేను అబద్ధం ఆడను,” అని దిండు చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చేసేది లేక నా ఫోనులో కిర్రుమనే చప్పుడు రికార్డింగు ఆపి, ఆసుపత్రికి నేనే ఫోను చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది.

“పేషెంటు ఎవరండీ?”

“ఇంటి పెద్దండీ,” అన్నాను.

“మీకు ఏమవుతారు?”

పద్మశ్రీ తలుపు వెనకే నిలబడి వింటోంది, సందులో ఆవిడ కన్ను కనబడింది.

“నేనేనమ్మా,” అన్నాను. “ఇంకా ఉన్నాను.”