బడ్జెట్టు బుట్ట

ఆ రోజు పొద్దున గిడ్డమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. జొన్నలు పోసుకునే వెదురు బుట్టకు అడుగున చిల్లులు పడ్డాయి. కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జు బుట్టకు పట్టించి ఎండబెడితే మరో నాలుగేళ్లు ఢోకా ఉండదు. కాగితాలు ఇంట్లో ఉన్నాయి. మెంతులే లేవు.

కాగితాలు ఇంట్లోకి ఎలా వచ్చాయో ఆమె భర్త కంబన్నకే తెలుసు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, గుడారాల్లో నడిచే ఒక పన్నుల ఆఫీసులో అతను టెంపరరీ బంట్రోతు. వరుసగా రెండేళ్లు వానల్లేవు. వేరుశనగ కొనే నాథుడు లేడు. ఖజానాలో గాలి తిరుగుతోంది. బడ్జెట్టుకు ఇక ఒక్క రోజే ఉంది. అందులో కొత్త పన్నులతో పాటు టెంపరరీ బంట్రోతుల కోత కూడా ఉంటుందని గుడారం గుడారానా చెప్పుకుంటున్నారు. కంబన్నకు నెలరోజులుగా అన్నం సహించడం లేదు. సూపరింటెండెంటు దగ్గితే ఉద్యోగం పోయిందనుకునేవాడు. దగ్గకపోతే, చెప్పలేక ఊరుకున్నాడనుకునేవాడు.

ముందురోజు సాయంత్రం ఆ సూపరింటెండెంటే అతని చేతికి ఒక కాగితాల కట్ట ఇచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాళ్లంటే కంబన్నకు మరీ భయం.

"ఇవి మిషన్లో పాడైన కాపీలోయ్. ఒక్కటి బయటికి పొక్కినా నీ ఉద్యోగమే కాదు, నాదీ ఊడుతుంది. వెనక్కి తీసికెళ్లి కాల్చెయ్యి."

కంబన్న గుడారం వెనక్కి వెళ్లి అగ్గిపుల్ల గీశాడు. వేలు కాలేదాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అక్షరమున్న కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు అతనిది. మూడో తరగతిలో అలిగి పుస్తకం పొయ్యిలో పెట్టినందుకే వాడికి చదువు అబ్బలేదని వాళ్లమ్మ చచ్చేదాకా అంటూనే ఉండేది. ఉద్యోగం నిలవాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కుకుంటున్న సమయంలో సరస్వతికి నిప్పు పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు. నానబెడితే పాపం లేదు. బుట్టలో ఆ తల్లి చల్లగా ఉంటుంది. కట్ట చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు.

"రేపు పొద్దున్నే నానబెట్టు. ఒక్క కాయితం గూడా బయటికి పోగూడదు" అని పెళ్లానికి గట్టిగా చెప్పాడు.

గిడ్డమ్మ ఒక్క కాగితం కూడా పోనివ్వలేదు. నాలుగు పోనిచ్చింది.

సందు మొదట్లో దేవేంద్రప్ప అంగడి. "రెండు పిడికిళ్లు మెంతులియ్యప్పా" అంది గిడ్డమ్మ.

"దుడ్లు?"

"నెలాకర్న ఇస్తా."

"నెలాకరు కల్లా మీ ఆయన కొలువు ఉంటాదో ఉండదో! ఊరంతా అనుకుంటాండారు. పొట్లాలు కట్టేకి కాయితాలుంటే తెచ్చి, మెంతులు పట్టకపో."

నాలుగు కాగితాలకు రెండు పిడికిళ్లు. బేరం బాగుందనిపించింది గిడ్డమ్మకు. ఇంటికొచ్చి మిగతావి నానబెట్టింది.

మొదటి కాగితంలో బెల్లం కట్టించుకున్నవాడు వకీలు దగ్గర గుమాస్తా. ఇంగ్లీషు చూస్తే చదవకుండా ఉండలేడు. అంగడి ముందే నిలబడి పొట్లం విప్పి చదివాడు. బెల్లం, చింతపండు, బీడీలు, జట్కాబండ్లు. ఒక్కొక్కదాని పక్కన ఎంతెంత పన్నో రాసి ఉంది. వాటన్నిటి మీదా అడ్డంగా ఒక ఎర్ర పెన్సిలు గీత.

"ఈ ఎర్రగీత ఏందప్పా?" అని అడిగాడు దేవేంద్రప్ప.

"ఖాయం చేసినట్ల. ఎర్ర పెన్సిలు ఊరికే పట్టుకుంటారా పెద్దాఫీసర్లు?" అన్నాడు గుమాస్తా. తెలియదని చెప్పడం ఆయన వృత్తిలో లేదు.

పది అణాలున్న వీశె బెల్లం ఆ మాటతో పన్నెండణాలైంది.

ఆఫీసులో సూపరింటెండెంటు రాగానే అడిగాడు. "కాల్చావా?"

"బూడిద గూడా మిగల్లేదు సార్" అన్నాడు కంబన్న.

ఆ మాట పూర్తయిందో లేదో లాజరు వచ్చి అతని చెయ్యి పట్టుకుని గుడారం వెనక్కి లాక్కుపోయాడు. లాజరు కూడా టెంపరరీ బంట్రోతే. మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాడు. కాపీలు తీసే మిషన్ తిప్పేది అతనే. చేతిలో బొరుగుల పొట్లం ఉంది.

"కంబన్నా, ఈ మూలన సిరా మరక చూడు. ఇది నేను తిప్పిన కాయితమే. దేవేంద్రప్ప అంగట్లో దీంట్లో బొరుగులు కట్టిచ్చినాడు. నువ్వు కాల్చలేదా?"

కంబన్న ఆ మరకను బొటనవేలితో తుడిచి చూశాడు. అది పోలేదు.

"బడ్జెట్టు కాయితం బయటపడితే జైలేనంట! నీకే గాదు, తిప్పినోన్ని, నాక్కూడా. పో, పో, మిగిలినవి తీసుకోని రాపో!"

కంబన్న పరిగెత్తాడు. నడుముకు ఎర్ర పట్టీ, దానిమీద ఇత్తడి బిళ్ల, ఎండలో తళతళలాడుతూ కోట పక్క బజారంతా పరిగెత్తాడు. అంగడి ముందు ముప్పైమంది ఉన్నారు. దేవేంద్రప్ప ఒక కాగితాన్ని త్రాసు పైన మేకుకు తగిలించి, అడిగినవాళ్లకు అడగనివాళ్లకు చూపిస్తున్నాడు.

"ఆ కాయితాలు నాకిచ్చేయప్పా! నీ కాళ్లు పట్టుకుంటా!"

దేవేంద్రప్ప గొంతు పెంచాడు. "చూడండప్పా! గవర్నమెంటు బిళ్ల బంట్రోతే కాయితాల కోసం ఉరుక్కుంటా వచ్చినాడు. ఇంగ అనుమానమేముంది?"

"అబద్ధమది! పన్నూ లేదు, ఏమీ లేదు! ఎవురూ నమ్మాకండి!"

జట్కా తోలే జమాల్ బాషా గుంపులోంచి ముందుకొచ్చి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "అబద్ధమైతే నువ్వు ఏంటికి అట్ల వణుకుతాండావప్పా?"

కంబన్న వణక్కుండా ఉందామని ప్రయత్నించాడు. పళ్లు టకటకమన్నాయి. ఆ చప్పుడుకు బెల్లం పద్నాలుగణాలైంది.

"బండికి పన్నంటే మేం యాడ నుంచి తెచ్చి కట్టల్ల? ఈ పొద్దునుంచే బాడుగ పెంచితే సరిపోయ!" అని జమాల్ బాషా జట్కాల అడ్డ దగ్గరికి బయల్దేరాడు. గంటలోపల కర్నూల్లో బెల్లం తినేవాడు, బీడీ తాగేవాడు, బండెక్కేవాడు, ఇంకా పుట్టని పన్ను కట్టడం మొదలుపెట్టారు. తిట్టుకుంటూనే కట్టారు. మన జనానికి ఆ అలవాటు పాతదే.

ఇంటికొస్తే గిడ్డమ్మ అప్పుడే బుట్టకు చివరి పూత పూసి, వెనక్కి జరిగి అందం చూసుకుంటోంది. కంబన్న బుట్టను తిప్పి చూశాడు. నలగని ముక్కల మీద ఇంగ్లీషు అక్షరాలు అక్కడక్కడా తేలి ఉన్నాయి. వాటి మధ్యన ఎర్రటి చారలు.

"దేవేంద్రప్పకు కాయితాలిచ్చినావా?"

"నాలుగే ఇచ్చినా. ఊరికే యాడిచ్చినా? మెంతులు తీసుకున్యా గదా!" అంది గిడ్డమ్మ. అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏమయ్యో, ఏమైంది? కొలువు పాయనా?"

"కొలువైతే నేడో రేపో పోయేదే. ఇప్పుడు నేనే జైలుకు పోతాండా."

పోలీసులు వచ్చి పట్టుకుపోవడం కంటే తానే పోయి చెప్పడం మేలనుకున్నాడు. తడి బుట్ట నెత్తిన పెట్టుకుని ఆఫీసుకు నడిచాడు. మెంతి గుజ్జు నుదుటి మీదుగా కంట్లోకి కారుతోంది. చూసినవాళ్లు ఏడుస్తున్నాడనుకున్నారు. కొంత అదీ నిజమే.

సూపరింటెండెంటు అంతా విన్నాడు. బుట్ట వాసన చూశాడు. త్రాసు మేకు నుంచి లాజరు పీక్కొచ్చిన కాగితం చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"ఓరి పిచ్చివాడా! ఎర్రగీత కొట్టామంటే తీసేశామని. కట్టలో అసలు జాబితా కూడా ఉందేమోనని కాల్చమన్నాను గానీ, ఇవన్నీ మేము వద్దనుకున్న పన్నులే. కరువులో బెల్లం మీద పన్నేస్తే జనం ఊరుకోరని పైవాళ్లే కొట్టేశారు. లేని పన్ను బయటపడితే అది నేరమెలా అవుతుంది? పో, మొహం కడుక్కో."

కంబన్న మొహం కడుక్కున్నాడు. నెల తర్వాత మొదటిసారి ఆకలేసింది. ఆ ఆకలి సాయంత్రం దాకా నిలవలేదు.

పక్క గుడారంలోని పెద్దాఫీసరు చెవిన బజారు సంగతి పడింది. జనం ఊరుకోరని కదా తీసేశాం? జనం ఊరుకున్నారే! మనం వేద్దామనుకున్న అణా కాదు, నాలుగణాలు ఎక్కువ పెట్టి, వరసలో నిలబడి మరీ కొంటున్నారే! లోటేమో నోరు తెరుచుకుని ఉంది. అంగడివాడి పెట్టెలోకి పోయేది ఖజానాలోకి వస్తే తప్పేమిటి? బెల్లం, జట్కా మళ్లీ జాబితాలోకి ఎక్కాయి. మర్నాడు బడ్జెట్టులో చదివేశారు.

చదవగానే శాసనసభలో ఒకాయన లేచాడు. "ఈ పన్నులు నిన్ననే కర్నూలు బజారుకు ఎలా తెలిశాయి?"

అప్పుడు ఆ కాగితం నిజంగా నేరమైంది.

సూపరింటెండెంటు ఈసారి నవ్వలేదు. విచారణకు ఉత్తరువు వచ్చింది. బుట్టకు లక్క ముద్ర వేసి సాక్ష్యంగా గుడారంలో పెట్టారు. కంబన్న ప్రతి సోమవారం ఒక ఆఫీసరు ముందు నిలబడి, అగ్గిపుల్ల ఎందుకు గీశాడో, గీసి ఎందుకు అంటించలేదో చెప్పాలి. ఆయన రాసుకునేవాడు. ఇంకో వారం ఇంకో ఆఫీసరు వచ్చి మొదటినుంచీ రాసుకునేవాడు. ఇంట్లో గిడ్డమ్మ జొన్నలను చీరముక్కలో మూట కట్టుకుని, ఈ విచారణ తొందరగా ముగిస్తే శ్రీశైలం నడిచి వస్తానని మల్లన్నకు మొక్కుకుంది.

నెలాఖరున బంట్రోతుల కోత జాబితా వచ్చింది. గుడారం గుంజకు అంటించారు. పన్నెండు పేర్లు. లాజరు చదివాడు. మొదటి పేరే కంబన్నది. దాని మీద అడ్డంగా ఎర్రగీత.

కంబన్న గుంజ పట్టుకుని కిందికి జారాడు. "ఖాయం చేసినారా, లాజరూ?"

"లేదు కంబన్నా, తీసేసినారు. కోతలోంచి నిన్ను తీసేసినారు" అన్నాడు లాజరు. అతని పేరు అయిదోది. దాని మీద ఏ గీతా లేదు. తక్కిన పది మీదా లేదు.

కంబన్న నమ్మలేక లోపలికి పోయి అడిగాడు. సూపరింటెండెంటు ఫైల్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "విచారణలో ఉన్నవాణ్ని కొలువులోంచి తీసేస్తే ఇంక ఎవర్ని విచారిస్తామోయ్? అది తేలేదాకా నిన్నెవరూ కదిలించలేరు. తప్పు చెయ్యనివాళ్లను పంపించడానికైతే అడ్డమేమీ లేదు."

లాజరు మర్నాడే డోన్ రైలెక్కాడు, అక్కడ మూటలు మోసే పనేదైనా దొరుకుతుందని. స్టేషనుకు జట్కాలో పోదామని కంబన్న పిలిచాడు. కొత్త బాడుగ విని ఇద్దరూ నడిచే పోయారు.

విచారణ ఇంకా జరుగుతూనే ఉంది. గిడ్డమ్మ మొక్కు మార్చుకుంది. అది ఎన్నటికీ తెమలకూడదని మల్లన్నకు సోమవారం సోమవారం దీపం పెడుతోంది, నైవేద్యంలో బెల్లం మాత్రం ఉండటం లేదు.