తలుపు వెనక కెచువా

రుమాల్దోకి తొమ్మిదేళ్లుగా ఒకటే అనుమానం. అత్తగారు ఫోర్తునాతా కొండ మీది ఊరి నుంచి పెరూ దేశపు కుస్కో పట్నంలోని తమ ఇంటికి వచ్చినప్పుడల్లా, ఆవిడా తన భార్య నెలిదా వంటింట్లో చేరి తమ కొండభాష కెచువాలో తననే దులిపేస్తున్నారని. పాపం అతను రాజధాని లీమాలో పుట్టిన మనిషి, స్పానిష్ తప్ప ముక్క రాదు.

రాకపోవడమూ ఒకందుకు కలిసొచ్చింది. ఆ కొండల్లో అల్లుడన్నవాడు ఏటా అత్తవారి చేలో బంగాళాదుంపలు తవ్వాల్సిందే. "భాష రానివాణ్ణి, అందరికీ అడ్డం తప్ప ఎందుకు పనికొస్తాను?" అంటూ తొమ్మిది పంటలు తప్పించుకున్నాడు.

ఈసారి ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ కళ్లొత్తుకుంటూనే ఉంది. తన మీద ఏం చాడీలు చెబుతోందోనని రుమాల్దోకి నిద్ర పట్టలేదు. సంతలో కూరలమ్మే గ్రెగోరియా దగ్గర గుట్టుగా పాఠాలు మొదలుపెట్టాడు.

"ముందు 'అలియంచు' అను. బాగున్నావా అని," అంది గ్రెగోరియా.

"పలకరింపులు తర్వాత. ముందు తిట్లు చెప్పమ్మా."

"పలకరించడం రానివాడికి తిట్లెందుకయ్యా?"

మూడు వారాలు తిరిగేసరికి తలుపు వెనక నక్కేపాటి పాండిత్యం అబ్బింది. చిక్కల్లా, ఆ భాషలో క్రియ చివరికి గాని రాదు. పొగిడారో తిట్టారో తేలేదాకా ఊపిరి బిగబట్టాలి.

ఓ రోజు అలాగే బిగబట్టి విన్నాడు. తన ఊసే లేదు.

"పోయినేడు మీ నాన్న పోయాక నా వల్ల కావడం లేదే. తవ్వే దిక్కులేక చేను వదిలేసుకోవాలేమో," అంటోంది ఫోర్తునాతా.

రుమాల్దోకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అంతలో ఆవిడ, "అయ్యో, పాలు పొంగిపోతున్నాయి!" అంది కెచువాలోనే. రుమాల్దో ఒక్క గెంతులో పొయ్యి దగ్గరున్నాడు. పాలు లేవు సరికదా, పొయ్యే వెలిగించలేదు.

"గ్రెగోరియాది మా ఊరే అల్లుడూ, అన్నీ చెబుతుంది," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

"ఇంకేం, భాష వచ్చేసింది! శనివారం బస్సుకి అమ్మతో బయల్దేరు," అంది నెలిదా.

"నాకింకా వ్యాకరణం రాలేదే!"

"పార పట్టడానికి వ్యాకరణం ఎందుకు నాయనా?" అంది అత్తగారు కెచువాలో.

అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. సాకు మిగల్లేదు, వెతకాలనీ అనిపించలేదు. ముందు అతనే నవ్వాడు, తర్వాత వాళ్లిద్దరూ. ముగ్గురూ ఒకే మాటకి నవ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.