భూషణం హూటరు రాగం

ఆ పొద్దున భూషణం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చద్దన్నం తినడం, డ్యూటీకి పోవడం, పదిన్నర ప్రాంతంలో పని కాస్త పలచబడ్డాక హూటరు ఏ శ్రుతిలో మోగుతోందో చూసుకోవడం. అంతే. ఇంత చిన్న ప్లాను వల్ల పట్టపగలే ఊరికి రాత్రి పది అవుతుందని ఏ మానవుడు మాత్రం ఊహిస్తాడు?

భూషణం కిరండూల్ ఇనుప గనుల టౌన్‌షిప్‌లో పవర్ హౌస్ ఆపరేటరు. అతని కుర్చీ పక్కనే ఒక ఇనప లీవరుంది. దాన్ని కిందికి లాగితే కప్పు మీదున్న హూటరు మోగుతుంది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి షిఫ్టు మారేటప్పుడు ఒక నిడుపాటి కూత. కొండ మీద మందుగుండు పేల్చే ముందు పైకీ కిందికీ ఊగే కూత. అది వినపడితే బస్సులు నిలిచిపోవాలి, ఎక్కడివాళ్ళక్కడ ఏదో ఒక కప్పు కిందికి దూరాలి. పేల్చడం అయ్యాక దారి తెరిచారని చెప్పడానికి మళ్ళీ నిడుపాటిదే. ఆ ఊళ్ళో గడియారాలు లేక కాదు, పెళ్ళిళ్ళలో చదివించినవి బోలెడున్నాయి. వాటిని నమ్మేవాడే లేడు. హూటరు మోగితే అన్నాలు, హూటరు మోగితే బూట్లు, హూటరు మోగితే బడి గంట.

ఇక శ్రుతి సంగతి. ఆ వేసవిలో కంప్రెసరు వాల్వు తేవడానికి భూషణం విశాఖపట్నం వెళ్ళాడు. అక్కడ అతని బావమరిది రాఘవులు, బీచి దగ్గరి హోటలు నైట్‌క్లబ్బులో అకార్డియన్ వాయిస్తాడు. "ఒక్కసారి చూడు బావా, జన్మ తరిస్తది" అని వెనక గుమ్మం గుండా తీసుకుపోయి స్తంభం చాటున కూర్చోబెట్టాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి నిమ్మరసం గ్లాసు ముందు పెట్టుకుని, తద్దినం భోజనానికి పిలిస్తే వచ్చినవాడిలా కూర్చున్నాడు. చూస్తే ఎవరనుకున్నారు? సినిమా సంగీత దర్శకుడు ఏకాంబరం! పాతికేళ్ళుగా రేడియో పెడితే చాలు, ఆయనే.

భూషణానికి బెరుకన్నది పుట్టుకతోనే లేదు. కుర్చీ లాక్కుని ఆయన బల్ల దగ్గరికి జరిగాడు.

"మీరూ వాయిస్తారా?" అన్నాడు ఏకాంబరం, ఏదో ఒకటి అనాలి కనక.

"హార్మోనియం వాయిస్త సార్. కానీ నా డ్యూటీ హూటరు. నేను లాగితే ఊరు ఊరంతా లేస్తది."

ఏకాంబరం గ్లాసు కింద పెట్టాడు. "ఊరంతానా?"

"ఊరంతా సార్. చంటిపిల్లలతోటి సహా."

"ఎలా మోగుతుంది? ఏదీ, అనండి."

భూషణం నిడుపాటి కూత కూశాడు. ఊగే కూత కూడా కూశాడు. సర్వరు చేతిలోని ట్రే జారిపడింది. ఏకాంబరం కళ్ళు మూసుకుని "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారీ కూశాక ఆయన గభాల్న లేచాడు. "ఇంత పెద్ద వాద్యం చేతిలో పెట్టుకుని మీకు హార్మోనియం ఎందుకండీ?" అని, నిమ్మరసం సగంలోనే వదిలేసి చకచకా వెళ్ళిపోయాడు.

ఆయన ఎగతాళికి అన్నాడో, ఆశ్చర్యపడి అన్నాడో మనకు తెలియదు. భూషణానికి మాత్రం అది మంత్రోపదేశం. తిరుగు ప్రయాణంలో అరకు సొరంగాల చీకట్లో పల్లవి తట్టింది, జగదల్‌పూర్ దాటేసరికి చరణాలు కుదిరాయి. పాట మొదట్లో హూటరు, మధ్యలో హూటరు, ముగింపులో హూటరు.

ఆ పొద్దుటికి విశ్వకర్మ పూజకు ఇంకా నెల ఉంది. కార్మికులున్న ఊరికి అంతకన్నా పెద్ద పండగ లేదు, ఆ సాయంత్రం స్టేజీకన్నా పెద్ద స్టేజీ లేదు. ఎన్నేళ్ళుగానో భూషణం ఆ స్టేజీ మీద ఎవరెవరి పాటలకో వెనక కూర్చుని హార్మోనియం వాయించినవాడే గాని, తన పాట ఒక్కటీ వినిపించినవాడు కాదు. తెలుగు సమితి సెక్రటరీ వెంకటనారాయణ స్టోర్సులో పనిచేస్తాడు, విజయనగరం వైపు మనిషి. ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు: "ఏటయ్యా నీ పాట పాటని నెలల నుంచీ చంపుతున్నావు? ఇయ్యాల సాయంత్రం కమిటీ ముందు వినిపించు. బాగుంటే స్టేజీ నీది. లేదూ, జగదల్‌పూర్ ఆర్కెస్ట్రాకి మాటిచ్చేస్తాను."

"ఈసారి గూడ స్టేజీ పోతే ఇగ హార్మోనియం ముట్టను భద్రా" అని పెళ్ళాంతో ఒట్టేసి మరీ వచ్చాడు భూషణం.

పదిన్నరకు హార్మోనియం పవర్ హౌస్ బల్ల ఎక్కింది. మిషన్లకు నూనె పెట్టే బుధ్రా చేతులు తుడుచుకుంటూ వచ్చి, లీవరు మీద భూషణం చెయ్యి చూసి ఆగిపోయాడు.

"దాదా, ఇది టైం కాదు గదా?"

"మోగిస్తలేను బుధ్రా, శ్రుతి చూస్తున్న. కొంచెమే. జర దగ్గినట్టు."

హూటరుకి దగ్గడం రాదు. దానికి వచ్చింది ఒకటే, కొండ కదిలేట్టు మోగడం. మోగింది. భూషణం ఒక చేత్తో లీవరు పట్టుకుని, బుధ్రా చేత హార్మోనియం తిత్తి ఆడిస్తూ, రెండో చేత్తో మెట్టు తరవాత మెట్టు నొక్కుతూ వెతికాడు. ఒకటిన్నర కాదు. రెండు కాదు. "రెండున్నర! బుధ్రా, రెండున్నర శ్రుతి!" అని సంతోషం పట్టలేక కళ్ళు ఒత్తుకున్నాకగాని లీవరు వదల్లేదు. ఆలోపల ఊళ్ళో మధ్యాహ్నం రెండయింది.

వానాకాలం. గనులున్న బైలదిల్లా కొండ మీది మబ్బు ఊరి మీదికి దిగి కూర్చుంది. పొద్దు ఎక్కడుందో చూసుకుందామంటే అసలు ఆకాశమే లేదు. మొదటి షిఫ్టు వాళ్ళు సంబరంగా పనిముట్లు పడేసి బస్సులెక్కారు. తమకు లాభమైన కూతను ఎవడూ అనుమానించడు కదా! రెండో షిఫ్టు వాళ్ళు మంచాల మీంచి దూకి, కుడి బూటు ఎడమ కాలికి తొడుక్కుని పరుగెత్తారు. బడి పిల్లల్ని వదిలేశారు. పొయ్యి మీద ఎసరైనా పెట్టని ఇల్లాళ్ళు ఇంత పొద్దెట్లా పోయిందని తమను తామే తిట్టుకున్నారు.

ఫోను మోగింది. "ఏందయ్యా, కొండ మీద మనిషి లేడు! అప్పుడే రెండయిందా?" అని ఫోర్‌మన్.

భూషణం గుండె ఒక్కసారి గుభేలుమంది. ఒక్కసారే. వెంటనే ధైర్యం వచ్చేసింది. "ఏం గాదు. మొదటిది తప్పు అని ఇంకో కూత కూస్తే సరి" అన్నాడు ఫోను పెట్టేసి.

"తప్పు అని చెప్పే కూత మనకు లేదు దాదా" అన్నాడు బుధ్రా.

"లేకపోతే కడదాం. కొద్దిగ రాగం పెట్టి, కిందికీ మీదికీ ఊపి కూస్త. ఇది డ్యూటీ కూత కాదని చంటిపిల్లకైనా తెలుస్తది."

"కిందికీ మీదికీ ఊపితే అది..." అని బుధ్రా పూర్తిచేసేలోపే భూషణం ఊపేశాడు.

అది మందుగుండు కూత అని వేరే చెప్పాలా? ఘాట్ రోడ్డు మీద ఎర్రజెండాలు లేచాయి. దిగే బస్సులూ ఎక్కే బస్సులూ ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడిపోయాయి. వీధిలో ఉన్న జనం దొరికిన అరుగు కిందికల్లా దూరారు. రేషను క్యూలో ఉన్న భద్రమ్మ పంచదార సంచి నెత్తిన పెట్టుకుని కొట్టు బల్ల కింద కూర్చుంది. ఎప్పుడు పేలుతుందా అని ఊరంతా చెవులు మూసుకుని ఎదురుచూసింది. ఎంతకీ పేలదు. పేలితేగాని బయటికి రావడానికి లేదు.

"దారి తెరిచే కూత పెట్టు దాదా, జనం ఇరుక్కపోయిండ్రు" అన్నాడు బుధ్రా, ఈసారి ఏడుపు గొంతుతో.

పెట్టాడు. నిడుపాటిది. దారి తెరిచే కూతా, షిఫ్టు కూతా ఒక్కటే; ఏది ఏదో జనం వేళను బట్టి పోల్చుకుంటారు. ఆ రోజు ఊళ్ళో వేళే లేదు. బస్సుల్లో కునుకు తీస్తున్న రెండో షిఫ్టు వాళ్ళు ఉలిక్కిపడి లేచి, తమ డ్యూటీ అయిపోయిందని తీర్మానించుకున్నారు. కొండ మొహమైనా చూడకుండా వెనక్కి తిరిగి ఇళ్ళకు బయలుదేరి, ఎనిమిది గంటల హాజరీ వెయ్యమన్నారు. మిట్టమధ్యాహ్నం మూడో షిఫ్టు వాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని, చేతుల్లో టార్చిలైట్లతో గేటు దగ్గర హాజరయ్యారు. టీకొట్టు గంగా దుకాణం కట్టేసి, రాత్రి లెక్కలు చూసుకోవడం మొదలుపెట్టాడు.

మేనేజర్ సాబ్ జీపు పవర్ హౌస్ ముందు ఆగేసరికి సగం టౌన్‌షిప్ అక్కడే ఉంది. వెంకటనారాయణ ఉన్నాడు. పంచదార సంచితో భద్రమ్మ ఉంది.

"యే క్యా తమాషా హై?" అని అరిచాడు మేనేజర్. "ఎవరు చెప్పారు నీకు మోగించమని?"

తల వంచుకుని తప్పయిందంటే అక్కడితో పోయేది. భూషణం తల ఎత్తాడు. "ఏకాంబరం గారు సాబ్. సంగీత దర్శకుడు. నీకు హార్మోనియం ఎందుకు, హూటరుంది గదా అని ఆయన నోటితోటి ఆయనే అన్నరు."

"ఎక్కడ అన్నాడు?"

"విశాఖపట్నంల. నైట్‌క్లబ్బుల సాబ్."

అప్పటిదాకా మొగుణ్ణి ఎట్లా కాపాడుకోవాలా అని చూస్తున్న భద్రమ్మ సంచి కింద పెట్టింది. "నైట్‌క్లబ్బా? వాల్వు తేను పోయిన అన్నవ్ గదా? నైట్‌క్లబ్బుల ఏం వాల్వులు దొరుకుతయ్?"

"మీ తమ్ముడే తీస్కపోయిండు భద్రా!"

"వాని సంగతి వానికుంటది. ముందు నీ సంగతి చూస్త, ఇంటికి రా."

అక్కడికక్కడే తీర్పులయిపోయాయి. మేనేజరు భూషణాన్ని హూటరు నుంచి తప్పించి లారీలు తూచే వేబ్రిడ్జికి పంపాడు. అక్కడ లాగడానికి ఏ లీవరూ లేదు. వెంకటనారాయణ జగదల్‌పూర్ ఆర్కెస్ట్రాకి మాటిచ్చేశాడు. భద్రమ్మ ఆ పూట పచ్చడి లేకుండా అన్నం పెట్టింది. భూషణం హార్మోనియాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పడేశాడు. పడేసి ఆ రాత్రి గోడ వైపు తిరిగి ఏడ్చాడు కూడా. అది విన్నాక భద్రమ్మ మర్నాడు పచ్చడి వేసింది గాని, మాట్లాడలేదు.

విశ్వకర్మ పూజ రానే వచ్చింది. పొద్దు గుంకే వేళకు మైదానంలో షామియానా కిక్కిరిసింది. భూషణం రానని మొరాయిస్తే భద్రమ్మే రెక్క పట్టుకుని లాక్కొచ్చి నడిమధ్య కుర్చీలో కూలేసింది. "పాట పోతే పోయింది, మనిషివి గూడ పోతవా ఏంది?" అంది. నెల తరవాత అదే మొదటి మాట.

పిల్లలు నిద్రకు పడే వేళకు ఆర్కెస్ట్రా నాయకుడు మైకు పట్టుకున్నాడు. "ఇప్పుడు మీకోసం, సరికొత్త హిట్టు! ఏకాంబరం గారి స్వరకల్పన!"

చప్పట్లు మోగాయి. స్టేజీ వెనక ఒకడు చేతి సైరను పిడి పట్టుకుని తిప్పాడు. నాలుగు మూలలా కట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి నిడుపాటి కూత ఊరంతా పరుచుకుంది. పాట మొదలే అది.

"పదయిందిరో!" అని మూడో షిఫ్టు మొత్తం లేచింది. పెళ్ళాలు డబ్బాలు సర్దడానికి లేచారు, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని వాళ్ళ వెనక ముసలమ్మలు లేచారు. మిగిలినవాళ్ళు ఇది పాటేమోనని తటపటాయిస్తుండగా రెండో చరణం మొదలైంది. కూత పైకీ కిందికీ ఊగింది. ఇంకేముంది! కుర్చీలు ఎటు పడితే అటు. మేనేజర్ సాబ్ అందరికన్నా ముందు స్టోర్ రూములోకి దూరాడు. వెంకటనారాయణ స్టేజీ కిందికి పాకాడు. సెక్యూరిటీ వాళ్ళు స్టేజీ ఎక్కి సైరను లాక్కుని, ఆర్కెస్ట్రా నాయకుణ్ణి మందుగుండు పేల్చే పర్మిట్ చూపించమన్నారు. ఇది సినిమా పాట బాబూ అని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఖాళీ కుర్చీల మధ్య భూషణం ఒక్కడే నిలబడ్డాడు. అదే కూత. అదే ఊపు. నైట్‌క్లబ్బులో తాను కూసిన కూతే, రెండున్నర శ్రుతితో సహా.

"నీ కూతయ్యా అది!" అని భద్రమ్మ భగ్గుమంది. "ఎత్తుకపోయిండు గదయ్యా, పెద్దమనిషి! ఇదేనా నువ్వు నైట్‌క్లబ్బుల చేసింది?"

"ఇదే భద్రా. ఒట్టు, ఇంతకన్న ఏం చెయ్యలే."

"మరి అడగవా ఆయన్ని? ఊర్కుంటవా?"

భూషణం కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఛాతీ మళ్ళీ పొంగింది. "ఎందుకడగాలె? ఇన్ని దినాలు నాకు గురువు దొరికిండనుకున్న. దొరికింది శిష్యుడు."

స్టేజీ కిందినుంచి వెంకటనారాయణ దుమ్ము కొట్టుకున్న తల బయటపెట్టాడు. "భూషణం బాబూ! ఆర్కెస్ట్రావోళ్ళని గేటు కాడికి తీసుకుపోనారు. స్టేజీ ఖాళీ. నీ పాట ఏదో ఉందన్నావు కదేటి?"

"ఉన్నది. హూటరు లేకుండా పాడాలె, అంతే."

"అదే మాకూ కావాలి నాయనా!"

బుధ్రా పరుగెత్తి అటక మీది హార్మోనియం తెచ్చాడు. భూషణం పాట ఎత్తుకున్నాడు. వట్టి హార్మోనియం మీద, వట్టి గొంతుతో. అరుగుల కిందనుంచి, వరండాల్లోంచి జనం ఒక్కొక్కరే తలలు బయటపెట్టి, ప్రమాదమేమీ లేదని రూఢి చేసుకుని కుర్చీలకు తిరిగొచ్చారు. పాట గొప్పగా ఉందని ఎవరూ అనలేదు గాని, చివరిదాకా ఒక్కడూ లేచిపోలేదు. భద్రమ్మ ముందు వరుసలో కూర్చుని, వింటున్నారా లేదా అని వెనక్కి తిరిగి తిరిగి చూసింది.

ఆ ఏడు ఏకాంబరం గారి హూటరు పాట దేశమంతా మోగింది. కిరండూల్‌లో మాత్రం దాన్ని రేడియోలో పెట్టరాదని మేనేజర్ సాబ్ ఆర్డరు వేశాడు కనక, భూషణం తన కూత వినాలంటే సెలవు పెట్టి జగదల్‌పూర్ పోవలసివచ్చేది.