పేరు పెట్టకముందే ఊరు దాటిన వైరస్

అనుమతి లేకుండా ఏ వస్తువూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలకూడదన్నది నాగరికతకు పునాది. ఒక కుర్చీ పక్క గదికి వెళ్లాలన్నా దానికో కాగితం ఉండాలి. ఆ కాగితం మీద, ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోని పెద్దమనిషి సంతకం ఉండాలి. మా జ్వరాల పరిశీలన కార్యాలయంలో ఈ నియమాన్ని అందరూ పాటిస్తారు. జ్వరం ఒక్కటే పాటించదు. దాని మీద చర్య తీసుకునే అధికారం మాకు లేదు (అడిగి చూశాం).

మా కార్యాలయం చేసే పని చెప్పడానికి సులువు. దగ్గుతో, జ్వరంతో ఆసుపత్రికి వచ్చినవాళ్లలో కొందరి ముక్కులోంచి పుల్లతో తడి తీసి మాకు పంపుతారు. అందులో ఫ్లూ వైరస్ ఉంటే, అది పోయినేడు చూసినదేనా, కాస్త మారిందా అని మా ల్యాబ్ చూస్తుంది. మారినట్టు తేలితే దాన్ని మంచుపెట్టెలో పెట్టి కేంద్ర సంస్థకు పంపాలి. నాలుగు దిక్కుల నుంచీ ఇలాంటి పెట్టెలు అక్కడికి చేరతాయి. అక్కడి పెద్దలు సభ చేసి, రాబోయే సీజనులో ఏ రకం తిరుగుతుందో అంచనా వేసి, టీకాలో దేన్ని పెట్టాలో చెబుతారు. టీకా తయారై బయటికి రావడానికి ఆరు నెలలకు పైగా పడుతుంది. వైరస్ మారడానికి అంత సమయం అక్కర్లేదు. దానికి టెండర్లు పిలిచే పని లేదు.

ల్యాబ్ చూసేది మా అక్క. సొంత అక్క కాదు. ఆఫీసులో అందరూ ఆమెను అక్క అంటారు, ఆమెకంటే పెద్దవాళ్లతో సహా. ఆ చలికాలం ఆమె నాన్నగారు ఫ్లూతో ఆసుపత్రిలో పడ్డారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఊపిరితిత్తులు ముందునుంచే అంతంతమాత్రం. ఏటా టీకా వేయించుకునే మనిషి, ఆ ఏడూ వేయించుకున్నారు. అయినా ఆక్సిజన్ దాకా వెళ్లింది. కాస్త తేరుకున్నాక చూడడానికి వెళ్లాను. దిండుకు ఆనుకుని కూర్చుని, పక్క మంచం దగ్గర గుమిగూడిన బంధువులను "కొంచెం లోపలికి జరగండి, దారి వదలండి" అంటున్నారు.

"టీకా వేయించుకున్నాను కదమ్మా, మరి వీడెలా ఎక్కాడు?" అని అడిగారు కూతుర్ని.

"వేషం మార్చాడు నాన్నా. వైరస్ ఒంటి మీద ముళ్లలాంటివి ఉంటాయి. మీ ఒంటికి పాత ముళ్లే గుర్తు. ఇవి కొంచెం వేరే."

"అంటే చొక్కా మార్చుకొచ్చాడు."

"అంతే అనుకోండి."

"మా రూట్లో ఒకడుండేవాడు. టికెట్ తీయడు. ఇవాళ దింపేస్తే రేపు టోపీ పెట్టుకుని ఎక్కేవాడు, ఎల్లుండి కళ్లజోడు. నేను టోపీలనే చూస్తూ కూర్చున్నాను చాలాకాలం. చివరికి తెలిసింది, వాడెప్పుడు ఎక్కినా ఎడంకాలు ఈడుస్తాడు. చొక్కా మార్చాడు గానీ నడక మార్చలేకపోయాడు."

"నడక దొరికేదాకా మేమూ టోపీలే చూస్తున్నాం నాన్నా. ఇక మాట్లాడకండి, ఆయాసం వస్తుంది."

"అడిగావు కాబట్టి చెప్పాను."

"నేను అడగలేదు."

(ఎంత మారినా మారని భాగం వైరస్‌లో కూడా కొంత ఉంటుందట. దాన్ని బట్టి పట్టుకునే టీకా కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. వాళ్లకింకా నిధులు మంజూరవుతున్నాయి.)

బయటికొచ్చాక డాక్టరు అక్కను వరండాలో ఆపాడు. "టీకా ఉండబట్టే ఈ మాత్రమైనా నిలబడ్డారమ్మా. కానీ ఈ వయసులో ఒకసారి వచ్చిపోయిన జ్వరం ఒంటికి ఎక్కువకాలం గుర్తుండదు, ఇంకోసారి ఇలాగే పట్టుకుంటే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవు. వచ్చే చలికాలం జాగ్రత్త" అన్నాడు. అక్క తలూపింది. వచ్చే చలికాలానికి జాగ్రత్త ఎక్కడ తయారవుతుందో ఆ వరండాలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఊళ్లోంచి వచ్చిన శాంపిళ్లలో సగానికి పైగా నాన్నగారిని పడగొట్టిన రకమే. కేంద్ర సంస్థ సభ చలికాలం చివర్లో. ఈలోగా పెట్టె అక్కడికి చేరితే, వచ్చే ఏటి టీకాలో ఈ కొత్త ముళ్లు చేరవచ్చు.

మర్నాడే అక్క పెట్టె కట్టి రవాణా విభాగానికి తెచ్చింది. ఆ విభాగం అధికారిని మేం రేపు సార్ అంటాం. ఆయన చాలా మర్యాదస్తుడు. ఉద్యోగంలో చేరాక ఇంతవరకు ఎవరికీ ఏదీ కాదనలేదు.

"పేరు రాయలేదేమ్మా?"

"ఇంకా పేరు లేదు సార్. కొత్త రకం."

"పేరు లేనిదాన్ని ఎలా పంపుతాం? దారిలో తప్పిపోతే ఏమని వెతుక్కుంటాం?"

"పేరు పెట్టేది కేంద్ర సంస్థ సార్. పెట్టె వాళ్లకు చేరాక, పరీక్ష చేసి పెడతారు."

"మంచిది. అయితే పేరు పెట్టించుకుని రా. ఈలోగా పెట్టెకు తాడు కట్టించి ఉంచుతాను."

"పెట్టె వెళ్తేనే కదా సార్ పేరొచ్చేది."

"నేను కాదన్నానా? రేపు చూద్దాం."

ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. గతంలో ఒకసారి చీటీ లేని పెట్టె ఒకటి దారి తప్పి ఐస్‌క్రీం గోదాముకు వెళ్లింది. దాన్ని ఎవరూ తెరవలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అంత పెద్ద ప్రమాదం తప్పిన తర్వాత నిబంధన పెట్టకుండా ఎలా ఉంటారు?

అక్క వరుసగా రోజూ వచ్చింది. రేపు సార్ ప్రతిసారీ కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. చివరికి ఆయనకే జాలేసి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి. పోయినేటి రకం పేరు రాసెయ్. ఇద్దరూ ఒకే కుటుంబం కదా. నేను ఇప్పుడే సంతకం పెడతాను."

అక్క పెన్ను తీసింది. చీటీ మీద ఆనించి మళ్లీ ఎత్తేసింది. "ఆ పేరుతో వెళ్తే, ఇది మా దగ్గర ఉన్నదేగా అని తెరవకుండానే ఫ్రీజర్లో వెనక్కి తోసేస్తారు సార్" అని పెన్నుకు మూత పెట్టేసింది.

"తోస్తే తోయనీ. చేరుతుంది కదా" అన్నాడు రేపు సార్. రవాణా విభాగం వైపు నుంచి చూస్తే ఆయన మాటలో తప్పు లేదు.

సమస్య పై అధికారులకు వెళ్లింది. వాళ్లు వెంటనే స్పందించి తాత్కాలిక నామకరణ సంఘం ఏర్పాటు చేశారు. సంఘం కూర్చోవాలంటే సభ్యుల్లో సగానికి పైగా హాజరు కావాలి. సగానికి పైగా సభ్యులు జ్వరంతో మంచాన ఉన్నారు. ఏ జ్వరం అని ల్యాబ్ రిపోర్టు జతచేస్తేనే సెలవు మంజూరవుతుంది. జ్వరానికి పేరు లేదు కాబట్టి రిపోర్టులో ఆ గడి ఖాళీగా ఉంది. గడి ఖాళీగా ఉంది కాబట్టి సెలవు మంజూరు కాలేదు. సెలవు లేదు కాబట్టి అందరూ మఫ్లర్లు చుట్టుకుని వచ్చారు. ఆ విధంగా సంఘం నిండుగా కొలువుదీరింది.

సంఘం సమావేశాన్ని చూడడానికి కేంద్ర సంస్థ నుంచి ఒక పరిశీలకుడు విమానంలో వచ్చాడు. సన్నగా, చురుగ్గా, పూర్తి ఆరోగ్యంతో ఉన్నాడు. ఆయన వెళ్లేటప్పుడు పెట్టెను చేతికిచ్చి పంపవచ్చా అని అక్క అడిగింది. పేరుంటే పంపవచ్చన్నారు.

సమావేశం కింది హాల్లో. ఏసీ నడుస్తున్నప్పుడు కిటికీలు తెరవరాదని కరెంటు పొదుపు సర్క్యులర్ ఉంది. అక్క లేచి ఒక కిటికీ తెరిచింది. అటెండరు వచ్చి మూసి, "నా ఉద్యోగం తీయించకమ్మా" అన్నాడు మెల్లగా. హాలుకు ఒకటే మైకు. మాట్లాడినవాళ్లు నోటికి ఆనించుకుని మాట్లాడి, దగ్గి, పక్కవాళ్లకు అందించారు.

"ఊరి పేరు పెడదాం" అన్నాడు ఒక సభ్యుడు.

"ఊరు ఒప్పుకోదండీ. మన ఇంటిపేరు దానికెందుకంటారు."

"అంకె పెడదాం."

"అంకెలు లెక్కల విభాగం వాళ్లవి. వాళ్లనడగాలి."

"మీరు కొంచెం అటు తిరిగి తుమ్మండి మహానుభావా."

"అటు తిరిగితే మైకు అందడం లేదు."

మధ్యాహ్నం దాకా చర్చించి, ప్రస్తుతానికి 'తాత్కాలికం' అని పేరు పెట్టారు. పేరు ఖాయం కావాలంటే తీర్మానం మీద సభ్యులందరూ, పరిశీలకుడూ సంతకం చేయాలి. చదివి సంతకం చేసే ఓపిక అప్పటికి పరిశీలకుడికి ఒక్కడికే ఉంది. ఆయన సంతకం చేసి, గొంతు కాస్త గీరుకుంటోందని వేడినీళ్లు తాగి, ఉత్త చేతులతో విమానం ఎక్కాడు.

ఇక్కడ వైరస్ ప్రయాణ సౌకర్యాల గురించి ఒక మాట చెప్పాలి. భూమికి ఒక సగంలో చలి ముగిసేసరికి రెండో సగంలో మొదలవుతుంది. మధ్యలో వెచ్చటి చోట్ల ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట దగ్గు వినపడుతూనే ఉంటుంది. కాబట్టి వైరస్‌కు ఖాళీ ఉండదు, బదిలీలు మాత్రమే ఉంటాయి. ఏ బదిలీకీ అది దరఖాస్తు చేసుకోదు. పరిశీలకుడు మారిన విమానాశ్రయాల్లో ఆయన బూట్లు విప్పించి చూశారు, బెల్టు విప్పించి చూశారు, నీళ్ల సీసా లాక్కున్నారు. ముక్కు జోలికి ఎవరూ పోలేదు.

మిగతా సంతకాల కోసం అక్క సభ్యుల ఇళ్ల చుట్టూ తిరిగింది. ఒకాయన కిటికీలోంచి సంతకం చేసి, "మీ నాన్నగారికి ఎలా ఉంది?" అని అడిగాడు. నయమని చెప్పింది. పెట్టె కదిలింది. విమానంలోకి డ్రై ఐస్ ఎక్కించడానికి ఇంకో అనుమతి కావాలని తెలిసి ఆగింది. అది దొరికాక మళ్లీ కదిలింది. ఎక్కడుందో కనుక్కుందామని అక్క కేంద్ర సంస్థకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్లోంచి ఒక అమ్మాయి బొంగురు గొంతు వచ్చింది.

"పెట్టె రాలేదండీ. వచ్చినా తీసుకోవడానికి మనుషుల్లేరు. అందరికీ జ్వరాలు."

అక్క ఫోన్ దగ్గరికి వంగింది. "ఎప్పటి నుంచమ్మా?"

"మా పరిశీలకుడు గారు టూర్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి."

"నేను పెట్టెలో పంపింది అదే. సభ రేపే కదా. మీలో ఎవరిదైనా ఒక శాంపిల్ తీసి ఇవాళే పరీక్ష చేయించు తల్లీ. పెట్టెతో పని లేదు. నీదైనా సరే."

"మేం స్టాఫ్ అండీ. ఊళ్ల నుంచి వచ్చినవే లెక్కలోకి తీసుకుంటారు. మా ముక్కులు పరిధిలోకి రావు."

"ఒక్కటి. మా నాన్నకోసం అడుగుతున్నాను."

"అయ్యో, ఏమైందండీ ఆయనకి?" అంది ఆ అమ్మాయి నిజంగానే బాధపడుతూ. తర్వాత దగ్గు తెర వచ్చి ఫోన్ పెట్టేసింది.

సభ అనుకున్న రోజునే జరిగింది. పెద్దలు తమ ముందున్న శాంపిళ్లను క్షుణ్ణంగా పరిశీలించి, మధ్య మధ్య దగ్గుతూ, కొత్త రకం తిరుగుతున్నట్టు ఆధారాలేవీ అందలేదని తేల్చారు. పోయినేటి రకాన్నే వచ్చే టీకాలోనూ ఉంచారు. ఆ తర్వాత పెట్టె చేరింది. మంచు ఇంకా కరగలేదు. ప్యాకింగ్ బాగుందని మాకు ప్రశంసాపత్రం వచ్చింది. కొత్త రకానికి శాశ్వతమైన పేరు కూడా వచ్చింది. రేపు సార్ స్వీట్లు పంచి, ఆ పేరుతో చీటీలు వందల్లో అచ్చు వేయించి సిద్ధంగా పెట్టించాడు.

టీకాలు వచ్చిన రోజు అక్క నాన్నగారిని తీసుకొచ్చింది.

"ఇందులో వాడి ఫొటో ఉందా?" అన్నారాయన చొక్కా చెయ్యి పైకి మడుస్తూ.

"పాత ఫొటో నాన్నా."

"పోలికలు తెలుస్తాయా?"

"కొంచెం తెలుస్తాయి. అసలు లేకపోవడం కంటే చాలా నయం. చెయ్యి వదులుగా పెట్టండి."

"నువ్వు చెప్తే సరే" అని ఆయన చెయ్యి ఇచ్చారు.

చలికాలం సగంలో ఆయన్ను మళ్లీ ఆసుపత్రిలో చేర్చారు. ఈసారి ముఖానికి పెద్ద మాస్కు పెట్టారు, మాటలు లేవు. పక్క మంచం చుట్టూ మనుషులు దారికి అడ్డంగా నిలబడినా ఆయన జరగమనలేదు. అక్క మాస్కు ఒక్క క్షణం పక్కకు జరిపి, తన చేత్తోనే ముక్కులోంచి శాంపిల్ తీసి, మాస్కు సరిచేసి, ల్యాబ్‌కు వచ్చి, అదే రకమని తేల్చుకుని, పెట్టె కట్టింది.

రేపు సార్ లేచి నిలబడి, కొత్త పేరు అచ్చేసిన చీటీ తనే స్వయంగా అతికించి సంతకం పెట్టాడు. ఎవరూ ఏమీ అడగలేదు. పెట్టె ఆ సాయంత్రమే విమానం ఎక్కింది. కేంద్ర సంస్థ నుంచి జవాబు కూడా ఆలస్యం లేకుండా వచ్చింది: మీరు పంపిన శాంపిల్ అన్ని విధాలా నిబంధనల ప్రకారం ఉంది, ఇందులో కొత్త విషయమేమీ లేదు.