మంత్రిగారి రెండో తాబేలు

ఇంట్లో ఉన్న మెట్ట తాబేలుకు తోడుగా ఒక నీటి తాబేలును కూడా పెంచాలా వద్దా అనే విషయం కూలంకషంగా పరిశీలిస్తున్నామని ఉపమంత్రి సీతారామాంజనేయులుగారు 1968 జూన్‌లో తెనాలిలో ప్రకటించారు. తొందరపాటు నిర్ణయం ఉండదని హామీ కూడా ఇచ్చారు. ఆ సందర్భంలో పత్రికలవాళ్లకు ఇడ్లీ పెట్టించింది నేనే. పార్టీలో నా హోదా అది.

మంత్రిగారు తాబేలును సరదాకి పెంచేవారు కాదు. దాని నడక చూసే ఫైళ్లు చూడడం నేర్చుకున్నానని చాలా సభల్లో వారే చెప్పారు.

రెండో జాతి సంగతి తేల్చడానికి కమిటీ వేశారు. బాపట్లలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వెంకటకృష్ణయ్యగారు అధ్యక్షులు. ఒక ఇంజినీరు, నేను సభ్యులం. ఇంజినీరు ఎందుకని అడిగితే, కమిటీ అన్నాక ఇంజినీరు ఉండాలన్నారు. వెంకటకృష్ణయ్యగారు ఒక్క పూటలో తేల్చేశారు. ఒకదానికి ఎండ కావాలి, రెండోదానికి నీళ్లు కావాలి, రెండూ ఒకచోట పొసగవు. మంత్రిగారు ఆ నివేదిక చూసి ఎంతో సంతోషించి, అయితే క్షేత్ర పర్యటన తప్పదని మమ్మల్ని జీపెక్కించారు.

బాపట్ల సముద్రపొడ్డున విచారించాం. అక్కడి తాబేళ్లు మరీ పెద్దవి, పెరట్లో పట్టవు. అక్కణ్ణుంచి రేపల్లె దాటి వెళ్లేసరికి ఒక మురుక్కాలవ గట్టు మీద జీపు ఆగిపోయింది. ఆపైన దారి లేదు. అవతలి గట్టున జాలర్ల పేట. మమ్మల్ని చూసి ఆ పేట పెద్ద అంకయ్య తాటిదోనె మీద ఇవతలికి వచ్చాడు.

కాలవ మీద వంతెన కోసం పదకొండు అర్జీలు పెట్టుకున్నాడట. కిందటేడు వానల్లో అతని కూతురు రత్తాలు ఆసుపత్రికి పోతూ దోనెలోనే కనేసిందట. చెబుతూ చెబుతూ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అదంతా ఓపిగ్గా విని అసలు విషయానికి వచ్చాను.

"ఇక్కడ నీటి తాబేళ్లున్నాయా?"

అంకయ్య తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు.

"ఉన్నాయండి. అవతల."

"ఒకటి పట్టుకురా."

"తేవచ్చండి. కానీ దోనె తిరగబడితే తాబేలు మునిగిపోద్దండి. వంతెనుంటే భయం లేదండి."

వెంకటకృష్ణయ్యగారు ఏదో అనబోయారు. ఇంజినీరు అప్పటికే రాసుకుంటున్నారు.

తాబేలు భద్రత దృష్ట్యా అత్యవసరం అని పైన రాసిన ఫైలు ఇరవై రోజుల్లో సంతకమై వచ్చింది. ఆ శీతాకాలానికి వంతెన లేచింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, అవతలి గట్టుకు స్వయంగా నడిచి వెళ్లి, అంకయ్య చేతుల మీదుగా తాబేలును అందుకున్నారు. తిరిగి వస్తూ వంతెన నడిమధ్యన ఫొటో కోసం దాన్ని పైకెత్తారు. తాబేలు చేజారి కాలవలో పడింది. పడి, తీరిగ్గా ఈదుకుంటూ పేట వైపు వెళ్లిపోయింది.

మంత్రిగారు కళ్లజోడు సవరించుకుని, వంతెన వచ్చాక దానికి ఎంత ధైర్యం వచ్చిందో చూడండి అన్నారు. ముందు చప్పట్లు కొట్టింది అంకయ్య. ఆ సందట్లో రత్తాలు బిడ్డను చంకనేసుకుని మా పక్కనుంచే ఇవతలికి నడిచి వచ్చింది. గట్టు దిగి, పొడిగా ఉన్న చీరంచు ఒకసారి చూసుకుని, రేపల్లె దారి పట్టింది.

మంత్రిగారి ఇంట్లో రెండో తాబేలు స్థానం ఇంకా ఖాళీగానే ఉందని మర్నాడు పత్రికల్లో పడింది. వారం తిరక్కుండా వారి గుమ్మంలో కాగితాల అర్జీలు మాయమయ్యాయి. అందరి చేతుల్లోనూ గోనెసంచులే. చుండూరు వైపు నుంచి మంచినీళ్ల బావి కావాలని వచ్చినవాళ్లు ముందుజాగ్రత్తగా రెండు తెచ్చారు. నందివెలుగు రైతు ఒకాయన తూము బాగుచేయించమని తన తాబేలుకు పసుపు రాసి మరీ తెచ్చాడు. వరస పెట్టి లోపలికి పంపడం నా పని.

వరస చివర కొల్లిపర దగ్గరి పల్లె నుంచి రూతు అనే పంతులమ్మ నిలబడి ఉంది. బడికి పైకప్పు లేదట. వానొస్తే పిల్లల్ని ఇళ్లకు పంపేస్తోందట. చేతిలో చిన్న తాటాకు బుట్ట. మూత గట్టిగా నొక్కి పట్టుకుంది. ఏ జాతి అమ్మా అని అడిగాను.

"మా వైపు తాబేళ్లు దొరకలేదండి," అంది తల వంచుకుని. "కప్పను తెచ్చానండి. అయ్యగారు చూస్తారేమో, ఒక్కసారి అడగండి."