కాలింగ్ బెల్ రేపు చూద్దాం

ఆ శనివారం పొద్దున్నే టెస్సా నడుం బిగించింది. నెల రోజులుగా ఆమెకు తల పగిలిపోతోంది. ఆఫీసులో పక్క సీటామె విషయం తేల్చేసింది. “నీకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని పక్కన పడేసిన పనులన్నీ నీ నెత్తినెక్కి కూర్చున్నాయి. రోజుకొకటి దింపుకో” అంది. రోజుకొకటి దింపుకునేంత ఓపిక టెస్సాకెక్కడిది? అన్నీ ఒక్కరోజే దింపేద్దామనుకుంది.

రోజు కూడా కలిసొచ్చింది. వాళ్ళ ఊరు థండర్ బేలో ఏటా అక్టోబరులో ఒక శనివారం ఎవరికి అక్కర్లేనివి వాళ్ళు రోడ్డు వారన పెట్టేస్తారు. కావలసినవాళ్ళు అడక్కుండా పట్టుకుపోతారు.

“గరాజు సంగతి నేనొచ్చాక చూద్దాంలే” అన్నాడు భర్త డారెల్, గని నుంచి ఫోన్లో.

“మూడేళ్ళుగా వస్తూనే ఉన్నావు, పోతూనే ఉన్నావు. అక్కడ నువ్వు తవ్వుకో. ఇక్కడ నేను తవ్వుకుంటా” అని ఫోన్ పెట్టేసింది టెస్సా.

ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు, పగిలిన ప్లాస్టిక్ తొట్టి, రొట్టెలు మాడ్చడం తప్ప ఏమీ రాని మిషను, అన్నీ రోడ్డెక్కాయి. తర్వాత అసలు పని మొదలైంది. అది కూతురు బ్రిన్ ఐస్ హాకీ సామాను. బ్రిన్ గోల్‌కీపర్. కాళ్ళకు కట్టుకునే పరుపుల్లాంటి ప్యాడ్లు, ఛాతీ కవచం, చేతి తొడుగులు, అన్నీ పోయిన చలికాలం చెమటంతా తమలోనే దాచుకుని కంపు కొడుతున్నాయి. బెంచీ మీద పిల్లలు ముక్కు మూసుకుని దూరం జరుగుతుంటే, పదకొండేళ్ళ పిల్ల ఏమీ పట్టనట్టు తలొంచుకుని లేసులు కట్టుకునేది. ఈసారి ఆ కంపు వదలాల్సిందే అనుకుంది టెస్సా.

“అమ్మా, రెండింటికి ఆట. ఇంకోసారి లేటైతే గోల్లో వేరే అమ్మాయిని పెడతానన్నాడు కోచ్” అంది బ్రిన్.

“లేటవదు. ఒట్టు.”

“మరి కాలింగ్ బెల్ కూడా పోయిందిగా?”

“అదెంత పని! రేపు చూద్దాం.”

సామాను తోమి, కడిగి, గడ్డి మీద ఆరబెట్టింది. కాసేపటికి ఇంటి నీడ కమ్ముకొచ్చింది. ఎండున్నచోటికల్లా సామాను జరుపుతూ జరుపుతూ, చివరికి ట్రెడ్‌మిల్లు పక్కనే, రోడ్డు వారన పరిచింది. ఎండ బాగా తగులుతోందని మురిసిపోయి, వంటింటి సింకు అడ్డు తీయడానికి లోపలికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ట్రెడ్‌మిల్లు అలాగే ఉంది. తొట్టి అలాగే ఉంది. మాడు మిషను చెక్కు చెదరలేదు. హాకీ సామాను మాత్రం ఒక్క తొడుగైనా మిగల్లేదు.

“ఎవడో ఆకుపచ్చ ట్రక్కులో ఎక్కించుకుపోయాడమ్మాయ్” అంది ఎదురింటి ఐలా, వరండాలోంచి. “ఎంత శుభ్రంగా ఉన్నాయో! నేనే చెయ్యూపి సాగనంపా.”

“చంపావు కదా ఐలా పిన్నీ!”

టెస్సా తడిచేతులతోనే వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో రాసేసింది. ‘మా ఇంటి ముందు నుంచి పట్టుకుపోయినవి దయచేసి తిరిగివ్వండి. మా అమ్మాయి ఏడుస్తోంది.’ ఏం పోయాయో రాయడం మరిచిపోయింది. బ్రిన్‌ని కారెక్కించి, గరాజు తలుపు తెరిచిపెట్టేసి బయల్దేరింది.

రెండు వీధులవతల ఆకుపచ్చ ట్రక్కు ఆగి ఉంది. వెనక టార్పాలిన్ కింద పొడుగ్గా ఏవో ఉన్నాయి. టెస్సా ఒక్క ఉదుటున టార్పాలిన్ లాగింది. నాలుగు కాళ్ళు కనిపించాయి, అవి దుప్పివి.

“నా దుప్పి జోలికొస్తావేంటమ్మా?” అన్నాడు వేటగాడు, కాఫీ కప్పుతో పరుగెత్తుకొస్తూ.

టెస్సా ఫోన్లో తను రాసింది చూపించగానే అతని మనసు కరిగిపోయింది. “అయ్యో, ఇల్లు దోచేశారా?” అని దాన్ని తన వేటగాళ్ళ గ్రూపుకు పంపాడు. వాళ్ళు చర్చి గ్రూపుకు పంపారు. అక్కడికి చేరేసరికి దోపిడీ కాస్తా అగ్నిప్రమాదమైంది. టెస్సా ఫోన్ మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు.

ఒంటిగంటన్నర అయింది. బ్రిన్ కళ్ళు తుడుచుకుంది. “పోదాం పదమ్మా. ఉత్త చేతులతోనే నిలబడతా.”

“నిలబడతావు. నేను కోచ్ కాళ్ళయినా పట్టుకుంటా” అని టెస్సా కారు తిప్పింది.

మంచు మైదానం గుమ్మంలోనే కోచ్ మెక్‌నాబ్ ఎదురయ్యాడు. వెనక బెంచీ మీద బ్రిన్ సామానంతా వరసగా పేర్చి ఉంది.

“ఊరంతా ఊరికే పట్టుకుపోయే రోజున వీధిలో ఆరేస్తారా ఎవరైనా? ఎవడైనా ఎత్తుకుపోతాడని మా బావమరిది ట్రక్కులో వేసుకొచ్చా. మీ బెల్ ఎన్నిసార్లు నొక్కానో! ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎంగేజే ఎంగేజ్” అన్నాడు. గడియారం చూసి కళ్ళు నులుముకున్నాడు. “మీరు ముందే వచ్చారా!”

ఆట ఓడిపోయారు. అయినా బ్రిన్ ఆపిన గోల్స్‌కి పిల్లలంతా ఎగబడి ఆమెను కావలించుకున్నారు, ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. టెస్సాకు ఏడుపొచ్చింది. నెల రోజుల తలనొప్పి ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఇంటికొచ్చి చూస్తే గరాజు కప్పు దాకా నిండిపోయింది. రోడ్డు మీద పెట్టినవన్నీ ఐలా జాగ్రత్తగా లోపల పెట్టించింది. వాటి మీద ఇంకో రెండు ట్రెడ్‌మిల్లులు, మంచాలు, దుప్పట్లు, దుప్పి మాంసం పొట్లం ఉన్నాయి.

“మంచివాళ్ళమ్మా మన ఊరివాళ్ళు. ఇల్లు కాలిందని విని ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చిచ్చారు” అంది ఐలా కళ్ళొత్తుకుంటూ.

టెస్సా సరాసరి లోపలికెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది. ఈ ఒక్క పనైనా రేపటికి వదిలేది లేదనుకుని, కాలింగ్ బెల్ విప్పి, తీగలు కలిపి, మూత బిగించింది.

మూత బిగించిందో లేదో బెల్ మోగింది. గుమ్మంలో ఇద్దరు మనుషులు, నాలుగో ట్రెడ్‌మిల్లు.

బెల్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.